పొట్టి చేతుల పాత లెదర్ జాకెట్

పాత లెదర్ జాకెట్ ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. భుజాలు కుదిరాయి. జిప్పు ఇంకా నున్నగా జారుతోంది. తోలు ఏళ్ళ తరబడి ఒంటి వేడికి మెత్తబడి, మోచేతుల దగ్గర అందమైన ముడతలు తేలి ఉంది. అన్నీ బాగున్నాయి, చేతులు మాత్రం మణికట్టుకి 2 అంగుళాలు పైనే ఆగిపోయాయి. అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు అక్కడి పాత బట్టల దుకాణంలో కొని తెచ్చుకున్నదైనా, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి తీసుకున్నదైనా, నాన్నగారు బుల్లెట్ మీద తిరిగిన రోజుల్లో వేసుకున్నదైనా చిక్కు ఇదే. దాని గురించి ఇవాళ వివరంగా మాట్లాడుకుందాం.

చొక్కా అయితే మనకి భయం లేదు. మడత విప్పి, కిందికి దింపి, ఇస్త్రీ చేస్తే పాత కుట్టు గుర్తు కూడా కొన్నాళ్ళకి మాసిపోతుంది. ఎందుకంటే గుడ్డలో సూది పోగుల మధ్య నుంచి దూరి వెళ్తుంది, దారం తీసేస్తే పోగులు మళ్ళీ దగ్గరకి చేరతాయి. తోలులో పోగులు లేవు. కొలాజెన్ అనే మాంసకృత్తు పీచులు అన్ని దిక్కులా పెనవేసుకుని ఉంటాయి. తోలు కుట్టే సూది మొన గుండ్రంగా ఉండదు, పదునైన అంచుతో ఉంటుంది. అది పీచుని పక్కకి నెట్టదు, కోస్తుంది. ఒకసారి పడ్డ చిల్లు ఇక పూడదు. ఇస్త్రీ పెట్టినా, నూనె రాసినా, పాలిష్ పట్టించినా అది అక్కడే ఉంటుంది. తోలు మార్పుల పనిలో ప్రతి నిర్ణయం ఈ ఒక్క నిజం చుట్టూనే తిరుగుతుంది. అందుకే, పాత జాకెట్ దొరకగానే దాన్ని తీసుకెళ్ళి మెషీన్ కింద పెట్టకండి. అసలు చేతులు ఎందుకు పొట్టిగా కనిపిస్తున్నాయో ముందు తేల్చుకోండి.

చేతులు పైకి లాక్కుంటున్నాయి అంటే చేతుల తోలే పొట్టిదై ఉండాలని లేదు. చాలాసార్లు దోషం లోపల ఉంటుంది. పాత జాకెట్లలో లైనింగ్ సాధారణంగా నూలుదో, రేయాన్‌దో. చెమటకి, తేమకి, ఎప్పుడో ఎవరో తెలియక నీళ్ళతో ఉతికినందుకు అది కుంచించుకుపోతుంది. పైనున్న తోలు అలాగే ఉంటుంది, లోపలి గుడ్డ దాన్ని పైకి లాగి పట్టుకుంటుంది. పరీక్ష సులువు. జాకెట్ వేసుకుని చేయి కిందికి వదిలేయండి. రెండో చేత్తో చివర పట్టుకుని మెల్లగా కిందికి లాగండి. లోపల గుడ్డ బిగుసుకుని, పైన తోలు వదులుగా ముడతలు పడుతుంటే దొంగ దొరికినట్టే. లైనింగ్ మార్పిస్తే చాలు, ఒక్కోసారి అర అంగుళం పొడవు దానంతటదే తిరిగి వస్తుంది. ఖర్చు తక్కువ, తోలుకి ఒక్క కొత్త చిల్లు పడదు. ఇంత తేలికైన మందు ఉండగా ముందే కత్తెర పట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండో కారణం వీపు. అద్దం ముందు చేతులు వేలాడేసి నిలబడితే సరిగానే ఉంటుంది, బండి హ్యాండిల్ పట్టుకోగానే జాకెట్ చేతులు ముంజేతి సగానికి వెళ్ళిపోతాయి. దీనికి చక్కటి ఉదాహరణ అమెరికా సైన్యపు పైలట్ల జాకెట్లు. ఆర్మీ ఎయిర్ కోర్ వాళ్ళు 1931లో తీసుకున్న ఏ-2 జాకెట్ వీపు ఒకే తోలు ముక్క, అందులో మడతలు ఉండవు. నౌకాదళం పైలట్ల జీ-1 జాకెట్‌కి మాత్రం భుజాల వెనక రెండు వైపులా తెరుచుకునే మడతలు పెట్టారు. చేతులు ముందుకి చాస్తే ఆ మడతలు విచ్చుకుంటాయి, చేతుల చివరలు మణికట్టు దగ్గరే ఉంటాయి. ఏ-2 రకం జాకెట్ వేసుకున్నవాళ్ళు చేయి చాచినప్పుడు కొంచెం పైకి లేస్తే అది లోపం కాదు, దాని పుట్టుకే అంత. మరీ ఎక్కువ లేస్తుంటే చంక కుట్టు విప్పి అక్కడ పతంగి ఆకారంలో చిన్న తోలు ముక్క వేయించవచ్చు. ఆ అతుకు చంకలో ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు, చేయి స్వేచ్ఛగా లేస్తుంది. పొడవు పెంచకుండానే పొడవు వచ్చినట్టవుతుంది.

కొలత కూడా అలాగే తీసుకోవాలి. చేయి నిటారుగా కిందికి పెట్టి కాదు, మోచేతి దగ్గర కొంచెం వంచి, భుజం ఎముక చివర నుంచి మోచేయి మీదుగా మణికట్టు ఎముక దాకా టేపు పట్టాలి. బండి మీద వేసుకునే జాకెట్ అయితే ఆ కొలతకి ఇంకో అంగుళం కలుపుకోవాలి. పాత జాకెట్ మోచేతి దగ్గర పడిన శాశ్వత ముడతలు కూడా కొంత పొడవు మింగేస్తాయి. వాటిని సాగదీసి చదును చేయాలని చూడకండి. ఆ ముడతలే ఆ జాకెట్ అందం.

మూడో కారణం వేడి. ఇది మాత్రం నయం కాని రోగం. తడిసిన తోలు ఒక హద్దు దాటిన వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పచ్చి చర్మానికి ఆ హద్దు సుమారు 60, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు 70 నుంచి 85 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. వానలో తడిసిన జాకెట్‌ని హీటరు ముందు ఆరబెట్టినా, మీద ఇస్త్రీ పెట్టె పెట్టినా పీచులు దగ్గరకి బిగుసుకుని గట్టిపడతాయి. అలా కుంచించుకున్న తోలుని ఏ నూనే వెనక్కి తీసుకురాదు. నీళ్ళు చిలకరించి బరువులు కట్టి లాగమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. తోలు పొడవు పెరగదు, కుట్ల దగ్గర చిరుగుతుంది.

సరే, ఇవన్నీ చూశాం. లైనింగ్ బాగానే ఉంది, వీపు బాగానే ఉంది, వేడి తగలలేదు. నిజంగానే చేతులు పొట్టివి. ఎవరో పొట్టి చేతుల మనిషి కోసం పుట్టిన జాకెట్ అది. ఇప్పుడు పొడవు ఎక్కడి నుంచి తేవాలి?

మీ జాకెట్ చేతుల చివర ఊలు అల్లిక కఫ్ ఉంటే మీరు అదృష్టవంతులు. ఏ-2 జాకెట్‌కి అలాంటివే ఉండేవి, నడుము చుట్టూ కూడా అదే అల్లిక. ఊలు తోలుకన్నా ముందే అరిగిపోతుంది, పురుగు కొట్టేస్తుంది. అందుకే ఈ రకం జాకెట్లకి కఫ్‌లు మార్చడం మొదటి నుంచీ ఉన్న మామూలు మరమ్మతు. పాత కఫ్ 3 అంగుళాలకి అటూ ఇటుగా ఉంటుంది. దాని బదులు నాలుగున్నర అంగుళాలది వేయించారనుకోండి, పొడవు కుదిరిపోయింది, తోలు చెక్కు చెదరలేదు. ఊలుదే తీసుకోండి, అక్రిలిక్ వద్దు. అక్రిలిక్ త్వరగా సాగి మణికట్టు దగ్గర వేలాడుతుంది. రంగు నడుము పట్టీతో కలవాలి, కలవకపోతే నడుము పట్టీ కూడా మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది: కొత్త కఫ్‌ని పాత చిల్లుల్లోంచే కుట్టించండి.

ఇది మెషీన్‌తో సాధ్యం కాదు. మెషీన్ తన లెక్కలో తాను చిల్లులు పొడుస్తూ పోతుంది, పాత వరుస పక్కన కొత్త వరుస పడుతుంది. రెండు వరుసల మధ్య తోలు తెగడానికి సిద్ధంగా ఉంటుంది. తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వరుస ఎందుకు వేస్తారో మీకు తెలుసు కదా. కుట్లు మరీ దగ్గరగా వేసినా అదే జరుగుతుంది. కాబట్టి చేత్తో కుట్టాలి. దారం రెండు కొసలకీ మొన లేని రెండు సూదులు ఎక్కించి, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, ఒకే చిల్లులోంచి దూర్చుకుంటూ పోవాలి. చిల్లు కనిపించకపోతే, చిల్లులు పొడిచే ఆరె మొనతో నెమ్మదిగా తడిమి వెతకాలి, పొడవకూడదు. ఓపిక కావాలి. చెప్పులు కుట్టే మన పనివాళ్ళకి ఈ రెండు సూదుల కుట్టు కొట్టిన పిండి. పెద్ద షోరూముల్లో కుదరదన్న పని పక్కవీధి చెట్టు కింద కూర్చున్న పెద్దాయన చేతిలో అవుతుంది. జాకెట్ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "పెద్దాయనా, పాత చిల్లుల్లోంచే కుట్టాలి, కొత్తది ఒక్కటీ పడకూడదు" అని చెప్పండి. ఆయనకి ఆ మాట విలువ వెంటనే తెలుస్తుంది. తొందర పెట్టకండి, అడిగిన కూలికి బేరమాడకండి.

అల్లిక కఫ్ లేని జాకెట్లకి చేతి చివర తోలునే లోపలికి మడిచి అంటించి కుట్టి ఉంటారు. ఆ మడత ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర. విప్పి దింపేద్దాం అనిపిస్తుంది. దింపితే ఏం కనిపిస్తుందో ముందే తెలుసుకోండి. లోపల దాగిన తోలు ఎండ చూడలేదు, చేతి రాపిడి ఎరగదు. అది కొత్తగా, ముదురు రంగులో ఉంటుంది. పాత మడత దగ్గర తెల్లటి గీత, దాని పైన చిల్లుల వరుస. మూడూ కలిసి మణికట్టు చుట్టూ కడియం వేసినట్టు కనిపిస్తాయి. కొందరికి అది ఇష్టమే. ఇష్టం లేకపోతే ఆ గుర్తుల మీదుగా సన్నటి తోలు పట్టీ వేయించవచ్చు. దింపాక కూడా కనీసం పావు అంగుళం లోపలికి మడిచేంత తోలు మిగలాలి, లేదంటే ఆ అంచుకి వేరే తోలుతో లోపలి పట్టీ వేయాలి. అంచు కోసి వదిలేస్తే నెలల్లో పీచు లేస్తుంది.

ఇక మోటార్ సైకిల్ జాకెట్లు. న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ 1928లో పెర్ఫెక్టో అనే జాకెట్ తయారు చేశారు. ఛాతీకి అడ్డంగా ఏటవాలు జిప్పు, మణికట్టు దగ్గర చిన్న జిప్పులు. 1953లో మార్లన్ బ్రాండో ఒక సినిమాలో ఆ రకం జాకెట్ వేసుకున్నాక ప్రపంచమంతా దాన్ని అనుకరించింది. మన దగ్గర దొరికే నల్ల జాకెట్లలో సగానికి సగం దాని సంతానమే. వీటి చేతులు పొడిగించడం కష్టం, ఎందుకంటే మణికట్టు జిప్పు అడ్డం వస్తుంది. జిప్పు కింద పట్టీ అతికితే పట్టీ దగ్గర చీలిక తెరుచుకోదు, చేయి దూరదు. జిప్పు తీసేసి పొడుగుది వేయాలి, లేదా అతుకుని జిప్పుకి పైన, మోచేతి కిందగా వేయాలి. రెండోది మేలు. అప్పుడు చివర ఉన్న జిప్పు, మడత, కుట్టు పాతవి పాతగానే ఉంటాయి. ముంజేతి చుట్టూ 2 అంగుళాల కొత్త తోలు ఒక అడ్డ పట్టీగా కనిపిస్తుంది. దాన్ని దాచాలని చూస్తే దొరికిపోతుంది. అందుకని మోచేతి కిందగా, రెండు చేతులకీ సరిగ్గా ఒకే ఎత్తులో, పై కుట్టు స్పష్టంగా వేసి, అది మొదటి నుంచీ ఉన్న డిజైన్ అన్నట్టు నిలబెట్టాలి. అతుకు ఎక్కడ ఉండడం సహజమో అక్కడే వేయాలన్నది నేను గట్టిగా నమ్మే సూత్రం. మోచేతి కింద ఒప్పుతుంది, కఫ్ దగ్గర ఒప్పుతుంది. ముంజేతి మీద ఎక్కడపడితే అక్కడ వేస్తే గాయానికి కట్టు కట్టినట్టుంటుంది.

ఏ తోలు అతకాలి? చాలామంది రంగు ఒక్కటే చూసుకుని కొంటారు. రంగు ఆఖరి సంగతి. ముందు జంతువు: మేక తోలు మీద చిన్న చిన్న గింజల్లాంటి గరుకు ఉంటుంది, గుర్రపు తోలు నున్నగా మెరుస్తుంది, గొర్రె తోలు పట్టుకుంటే జారిపోయేంత మెత్తన. తర్వాత మందం: జాకెట్ తోలు సాధారణంగా 1 మిల్లీమీటరుకి అటూ ఇటుగా ఉంటుంది, అతుకు తోలు అంతకన్నా మందంగా ఉండకూడదు. ఆ తర్వాత, అది ఎలా పదును అయిందన్నది. లోపలి కుట్టు దగ్గర కోసిన అంచు చూడండి. మధ్యలో నీలి బూడిద రంగు ఛాయ ఉంటే క్రోమియంతో చేసినది. అంచు నిండా గోధుమ రంగు ఉంటే చాలావరకు చెట్ల బెరడుతో చేసినది. 1884లో ఆగస్టస్ షుల్ట్జ్ అమెరికాలో క్రోమియం పద్ధతికి పేటెంటు తీసుకున్నాక లోకం మెల్లగా అటు మళ్ళింది, కాని పాత జాకెట్లలో రెండు రకాలూ దొరుకుతాయి. ఒక రకాన్ని ఇంకో రకానికి అతికితే తడికి ఒకలా సాగవు, ఎండకి ఒకలా రంగు మారవు. మొదటి ఏడాది బాగుంటుంది, రెండో ఏడాదికి తేడా బయటపడుతుంది.

బెరడుతో పదును చేసిన తోలు మనకి కొత్తది కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని చెక్కే దక్షిణాది తోలు పనికి శతాబ్దాల పాటు మూలం. మన ఊళ్ళలో మాదిగ కుటుంబాలు తోళ్ళు నానబెట్టే లందల్లో సున్నం, తంగేడు చెక్క, కరక్కాయలతో తోళ్ళు పదును చేశారు. చెప్పు నుంచి డప్పు దాకా, కపిల బావి మీద నీళ్ళు తోడే తోలు బాన దాకా అన్నీ వాళ్ళ చేతి పనే. నీళ్ళ బరువుతో రోజంతా పైకీ కిందికీ తిరిగే ఆ బానకి చిల్లు పడితే అతికేదీ వాళ్ళే, ఆ అతుకు కారకూడదు. ఇంత నేర్పు ఉన్న చేతులకి ఊరు అన్నం పెట్టింది కాని గౌరవం ఇవ్వలేదు. ఇలా తంగేడు చెక్కతో చేసిన తోళ్ళే మద్రాసు రేవు నుంచి ఈస్ట్ ఇండియా తోళ్ళనే పేరుతో లండన్ చేరేవి. తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు ఈ విద్యని శాస్త్రంగా చదివి, మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా పనిచేశారు. రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, అందరూ ముక్కు మూసుకున్న పనిని ప్రయోగశాలలో బల్ల మీద పెట్టి గౌరవించారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ని పోగొట్టుకున్నాం. తోలు గురించి తెలుగులో మాట్లాడుతూ ఆయన్ని తలుచుకోకపోవడం నాకు చేతకాదు.

తోలు కావాలంటే చెన్నై పెరియమెట్ వీధులకి వెళ్ళండి, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. జాకెట్ వెంట తీసుకెళ్ళి పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి. ఇంకా మంచి దారి ఒకటుంది. చిరిగిపోయి ఎవరూ వేసుకోని పాత జాకెట్ ఇంకోటి తక్కువ ధరకి కొని, దాని వీపు తోలు వాడుకోండి. పాతదానికి పాతదే తోడు. రంగు వేయాల్సి వస్తే కొత్త ముక్కకే వేయండి, పాత జాకెట్‌ని ముట్టుకోవద్దు. జాకెట్ లోపలి మూల మీద నీటి చుక్క ఒకటి వేయండి. వెంటనే ఇంకితే పైన పూత లేని తోలు, దానికి కలిసే ముక్క కూడా అలాంటిదే కావాలి. చుక్క నిలబడితే పూత ఉన్నదని అర్థం.

కుట్టు సంగతి క్లుప్తంగా చెప్తాను. అతుకు పడే అంచులు రెండూ తోలు కోసే రంపెతో లోపలి వైపు నుంచి పలచగా చెక్కాలి, లేకపోతే అక్కడ గట్టు లేస్తుంది. గుండుసూదులు గుచ్చకూడదు, క్లిప్పులతో పట్టించాలి. దారం నైలాన్ లేదా పాలిస్టర్. నూలు దారాన్ని బెరడు పదును తోలు మెల్లగా కొరికేస్తుంది. అంగుళానికి 7, 8 కుట్లు చాలు, ముందు పాత కుట్లు లెక్కపెట్టి వాటికి సరిపెట్టడం ఇంకా మంచిది. కుట్టాక ఇస్త్రీ లేదు. కుట్టుని రెండు వైపులా విప్పదీసి, సొల్యూషన్ రాసి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టి అణచాలి. ముందుగా మిగిలిన ముక్క మీద ఒక వరుస కుట్టి చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని చోట జాకెట్ ఇవ్వకండి.

చేయకూడని సందర్భాలు రెండున్నాయి. చంక దగ్గరో, కాలర్ కిందో తోలుని వేళ్ళ మధ్య పట్టి వంచండి. పగుళ్ళు వచ్చి, వేలికి ఎర్రటి పొడి అంటితే ఆ తోలు లోపల కుళ్ళింది. దానికి కుట్టు నిలవదు, సూది పడ్డ చోటల్లా చిరుగుతుంది. అలాంటిది ఎంత అందంగా ఉన్నా గోడకి తగిలించుకోవాల్సిందే. రెండోది, కాలర్ లోపల రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక కాంట్రాక్టు లేబుల్ ఉన్న అసలైన ఏ-2. అది బట్ట మాత్రమే కాదు, చరిత్ర పత్రం. దాని చేతులు కోయకండి. వేసుకోవాలన్న కోరిక ఉంటే అదే కొలతలతో కొత్తది కుట్టించుకోండి, లేదా అమెరికా వైమానిక దళం 1988లో తిరిగి తెచ్చిన మేకతోలు ఏ-2 లాంటిది మీ పొడవుకి తగ్గది వెతుక్కోండి.

మిగిలిన జాకెట్లకి ఏ మార్పు చేసినా, తీసిన ప్రతిదీ దాచండి. పాత కఫ్‌లు, పాత జిప్పు, లైనింగ్ ముక్క, కోసిన తోలు పట్టీ, అన్నీ కాగితం కవర్లో పెట్టి, ఏ నెలలో ఏం మార్చారో చీటీ రాసి అందులో వేయండి. ప్లాస్టిక్ కవరు వద్దు, వానాకాలంలో బూజు పట్టేస్తుంది. రేపు మీ అబ్బాయో అమ్మాయో వేసుకునేటప్పుడు వాళ్ళ చేతులు పొట్టివైతే, పాత కఫ్‌లు మళ్ళీ అవే చిల్లుల్లోంచి కుట్టించుకోవచ్చు.